ప్రశ్న మీది, పానా మాది: ఇంజన్ ముందర ఆ పుల్లీల లెక్కేంటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బెల్టులు, పుల్లీల గురించే. పాత రేసు ఇంజన్ల మీద మన జిల్లాల్లో ఇంత మోజు ఉందని అనుకోలేదు, ఉంటే మంచిదే. క్లచ్ ప్లేట్లు, కార్బురేటర్ల గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న (అనంతపురం నుంచి): అన్నా, బెంగళూరులో పాత కార్ల ప్రదర్శనకు పోయినాం. అక్కడ 1969 నాటి షెవర్లే కమారో జెడ్28 ఒకటి బానెట్ ఎత్తి పెట్టినారు. ఇంజన్ ముందర ఒకటికి మించి బెల్టులు, ఆల్టర్నేటర్ (బ్యాటరీకి కరెంటు పుట్టించేది) మీద మామూలు బండ్లకంటే పెద్ద పుల్లీ, గాడి కూడా బాగా లోతు. నాకు తెలిసినంతలో ఏదైనా జోరుగా తిరగాలంటే దానికి చిన్న పుల్లీ వేయాల. అంత స్పీడ్ బండికి పెద్దది ఎందుకు పెట్టినారు? ఆ బెల్టుల వల్ల ఇంజన్‌కు పవర్ ఏమన్నా పెరుగుతుందా?

జవాబు: చివరి ముక్కకు ముందు జవాబు చెప్తాను. పెరగదు. మీరు చూసిన బెల్టుల్లో ఏ ఒక్కటీ ఇంజన్‌కు పవర్ ఇచ్చేది కాదు, అన్నీ తినేవే. ఫ్యాన్, వాటర్ పంపు, ఆల్టర్నేటర్, ఉంటే పవర్ స్టీరింగ్ పంపు, ఇవన్నీ క్రాంక్ పుల్లీ, అంటే ఇంజన్ ప్రధాన షాఫ్ట్ కొసన ఉండే పుల్లీ నుంచి లాక్కుని బతికేవి. ఇవి లేకపోతే బండి నడవదు కాబట్టి పెడతారు, అంతే. పెట్టాక అవి ఎంత తక్కువ తింటే అంత మంచిదని చూసుకోవడమే రేసు ఇంజన్ పుల్లీల అసలు పని. మీ చిన్న పుల్లీ, పెద్ద పుల్లీ లెక్క తప్పేం కాదు. కాకపోతే ఇక్కడ వాటిని జోరుగా తిప్పాలని ఎవరూ కోరుకోవడం లేదు, నెమ్మదిగా తిప్పాలని చూస్తున్నారు.

ఇది ఎందుకో అర్థం కావాలంటే మామూలు బండితో మొదలుపెట్టాలి. మామూలు కారు ఐడిల్‌లో 700, 800 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీద ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా ఫ్యాన్ గాలి లాగాలి, పంపు నీళ్లు తిప్పాలి, హెడ్‌లైట్లు వెలుగుతుంటే బ్యాటరీ దిగిపోకూడదు. అందుకని కంపెనీ వాళ్లు క్రాంక్ పుల్లీ పెద్దదిగా, ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నదిగా పెట్టి ఆ తక్కువ వేగంలోనే పని జరిగేలా చూస్తారు. ఆ ఇంజన్ పైకి పోయినా నాలుగు వేలు, నాలుగున్నర వేలు, అంతకు మించి ఎవరూ తొక్కరు కాబట్టి ఇబ్బంది లేదు.

జెడ్28 అలాంటిది కాదు. అమెరికాలో ట్రాన్స్-ఆమ్ అనే రేసుల్లో ఇంజన్ 305 క్యూబిక్ ఇంచులు, అంటే 5 లీటర్లు దాటకూడదని నిబంధన. దానికోసం షెవర్లే వాళ్లు 4 అంగుళాల బోరు (సిలిండర్ వెడల్పు), 3 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) పెట్టి 302 క్యూబిక్ ఇంచుల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ చేశారు. స్ట్రోకు పొట్టిది కాబట్టి పిస్టన్ వేగం అదుపులో ఉంటుంది, ఇంజన్ 7,000 దాకా హాయిగా తిరుగుతుంది. ఇప్పుడు మామూలు పుల్లీలే దీనికి పెట్టామనుకోండి. ఉదాహరణకు క్రాంక్ పుల్లీ 7 అంగుళాలు, ఆల్టర్నేటర్‌ది 2.5 అంగుళాలు అయితే నిష్పత్తి 2.8. ఇంజన్ 7,000 తిరిగితే ఆల్టర్నేటర్ 19,600 తిరుగుతుంది. లోపల తిరిగే రాగి చుట్టలు, బేరింగులు ఆ పరుగును ఎంతసేపు తట్టుకుంటాయి? అదే పుల్లీ 3.5 అంగుళాలకు మారిస్తే నిష్పత్తి 2, వేగం 14,000. మీరు చూసిన పెద్ద పుల్లీ వెనక లెక్క ఇదే. ఐడిల్‌లో చార్జింగ్ కొంచెం తగ్గుతుంది, నిజమే. రేసు బండి ఐడిల్‌లో నిలబడేది ఎంతసేపు గనక!

ఆల్టర్నేటర్ సంగతి అలా ఉంచితే, వాటర్ పంపుది ఇంకో గొడవ. పంపు మరీ జోరుగా తిరిగితే దాని రెక్కల దగ్గర ఒత్తిడి పడిపోయి నీళ్లలో బుడగలు పుడతాయి. దాన్ని కేవిటేషన్ అంటారు. అప్పుడు పంపు నీళ్లను తోయడం మానేసి బుడగల్లో గిరగిరా తిరుగుతుంది, రెక్కలు కూడా గుంటలు పడతాయి. అంటే జోరు పెంచితే చల్లదనం పెరగాల్సింది పోయి తగ్గుతుంది. ఫ్యాన్ ఇంకా తిండిపోతు. వేగం రెండింతలైతే అది తినే పవర్ రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. 2,500 దగ్గర ఒక హార్స్‌పవర్ తినే ఫ్యాన్ 5,000 దగ్గర ఎనిమిది తింటుందన్నమాట. పోనీ అప్పుడు దాని అవసరమైనా ఉంటుందా అంటే, కారు ఆ వేగంలో పోతున్నప్పుడు ఎదురు గాలి రేడియేటర్‌లోకి దానంతటదే వస్తుంది. అందుకే వేడెక్కితేనే పట్టుకునే క్లచ్ ఫ్యాన్లు వచ్చాయి, రేసుల్లో అయితే కొందరు ఫ్యాన్ ఊడదీసి పక్కన పడేసేవాళ్లు.

ఇక అసలు విషయం బెల్టు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో రుచిగల ముక్క ఇదే. 7 అంగుళాల పుల్లీ 7,000 ఆర్‌పీఎం మీద తిరిగితే బెల్టు సెకనుకు 65 మీటర్లు పరుగెడుతుంది, గంటకు 235 కిలోమీటర్లు. కారు కంటే బెల్టే స్పీడు. పొలంలో పిట్టలు తోలడానికి వడిసెల తిప్పేటప్పుడు రాయి చేతిని బయటికి లాగినట్టే, పుల్లీ చుట్టూ వంపు తిరిగే ప్రతి చోటా బెల్టు తన బరువుతో తానే బయటికి లాక్కుంటుంది. మీటరు బెల్టు 100 గ్రాములు తూగుతుందనుకుంటే, ఆ వేగంలో ఈ లాగుడు ఒక్కటే సుమారు 43 కిలోల బిగువు. మనం బిగించిన బిగువులో ఆ మేరకు పుల్లీని పట్టుకోవడానికి పనికిరాకుండా పోతుంది. బెల్టు గాడిలోంచి పైకి లేస్తుంది, జారుతుంది, మధ్యలో తాడులా ఊగుతుంది. డ్రైవర్ గేరు మార్చేటప్పుడు కాలు తీస్తాడు చూడండి, అదింకా ప్రమాదం. ఇంజన్ టక్కున తగ్గుతుంది, ఆల్టర్నేటర్ లోపలి బరువు మాత్రం అదే ఊపులో తిరుగుతూ ఉంటుంది, అప్పటిదాకా బిగువుగా ఉన్న వైపు వదులై, వదులుగా ఉన్న వైపు బిగుసుకుని బెల్టు ఎగిరి బయటపడుతుంది. బెల్టు పడిపోతే పంపు ఆగిపోతుంది, ఆ రేసు అంతటితో సరి.

లోతు గాడి పుల్లీలు అందుకే. బెల్టు కాస్త పైకి లేచినా గాడి అంచులు దాన్ని బయటికి పోనివ్వవు. షెవర్లే తన ఎక్కువ ఆర్‌పీఎం ఇంజన్లకు ఈ డీప్ గ్రూవ్ పుల్లీలు వేసేది, ఇప్పుడు ఆ పాత బండ్లు బాగుచేయించేవాళ్లు వాటికోసం తెగ వెతుకుతారు. క్రాంక్ పుల్లీ చిన్నది చేస్తే ఇంకో లాభం ఉంది. వెనక తిరిగేవి నెమ్మదించడమే కాదు, బెల్టు వేగమే తగ్గుతుంది. 7 అంగుళాలది 6 చేస్తే ఇందాకటి 43 కిలోలు సుమారు 32కి దిగుతుంది. ఆల్టర్నేటర్ పుల్లీ ఒక్కటే పెద్దది చేస్తే ఈ లాభం రాదు.

మాటలో మాట. పాత అమెరికన్ ఇంజన్ల హార్స్‌పవర్ అంకెలు చూసి నోరెళ్లబెట్టకండి. 1971 దాకా కంపెనీలు ప్రచారానికి వాడిన గ్రాస్ లెక్క ఇలాంటి తిండిపోతు సామాన్లు చాలావరకు ఊడదీసి, ఇంజన్‌ను ఒంటరిగా బెంచ్ మీద తిప్పి కట్టింది. 1972 నుంచి ఫ్యాన్, ఆల్టర్నేటర్, ఎయిర్ క్లీనర్, సైలెన్సర్ అన్నీ తగిలించి నెట్ లెక్క కట్టడం మొదలైంది. ఇంజన్‌లో పెద్ద మార్పు లేకుండానే చాలా వాటి అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. కొంత పొగ నిబంధనల వల్ల కూడా అనుకోండి.

ప్రశ్న (కర్నూలు నుంచి): సార్, బెల్టు పవర్ ఇవ్వదు అంటారు బాగానే ఉంది, మరి బానెట్ చీల్చుకుని పైకి వచ్చిన పెద్ద యంత్రం, దాని ముందర అరచేతి వెడల్పు పళ్ల బెల్టు ఉన్న అమెరికన్ రేసు కార్ల ఫొటోలు చూశాను. అది దేనికి? పళ్లెందుకు?

జవాబు: మీరు పాయింటు పట్టారు. పవర్ ఇప్పించే బెల్టు అంటూ ఒకటుంటే అది ఇదే. అయినా అది ముందు తిని తర్వాత పెడుతుంది. ఆ పైనున్న యంత్రం పేరు రూట్స్ బ్లోయర్. ఇంజన్ తనంతట తాను పీల్చుకోగలిగే దానికంటే ఎక్కువ గాలిని లోపలికి తోస్తుంది. ఎక్కువ గాలి వస్తే ఎక్కువ పెట్రోలు కాల్చొచ్చు, అక్కడే పవర్.

దీని పుట్టుక రేసుల్లో కాదు. అమెరికాలో డెట్రాయిట్ డీజిల్ వాళ్ల 71 సిరీస్ ఇంజన్లు 1938 నుంచి వచ్చాయి. ఒక్కో సిలిండర్ 71 క్యూబిక్ ఇంచులు కాబట్టి ఆ పేరు, ఆరు సిలిండర్లదైతే 6-71. అవి టూ స్ట్రోక్ డీజిళ్లు. ఆ రకం ఇంజన్ తనకు తాను గాలి పీల్చుకోలేదు, కాలిన పొగను తోసి కొత్త గాలి నింపడానికి పక్కన బ్లోయర్ ఉండాల్సిందే. లారీలు, బస్సులు పాతబడ్డాక ఆ బ్లోయర్లు పాత సామాన్ల దుకాణాల్లో చౌకగా దొరికేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డ్రాగ్ రేసుల (తిన్నటి దారిలో జరిగే పోటీల) కుర్రాళ్లు వాటిని తెచ్చి వీ8 నెత్తిన పెట్టారు. లారీ సామాను రేసు కారుకు పనికొచ్చిన కథ ఇది. మన ఆటోనగర్ బుర్రలకు ఇది బాగా నచ్చుతుందని నా నమ్మకం.

ఆ బ్లోయర్‌ను తిప్పడం తమాషా కాదు. పెద్ద రేసు ఇంజన్‌లో అది ఒక్కటే వందల హార్స్‌పవర్ లాగుతుంది. మొదట్లో నాలుగైదు వీ బెల్టులు (వీ ఆకారం గాడిలో కూర్చునే మామూలు రకం) పక్కపక్కన పెట్టి చూశారు, జారాయి, కాలాయి. చెయిన్లూ వాడారు. చివరికి పళ్ల బెల్టు నిలబడింది. గిల్మర్ అనే అమెరికన్ కంపెనీ 1940లలో తెచ్చిన రకం అది, ఇప్పటికీ పాతకాలం రేసు మేస్త్రీలు దాన్ని గిల్మర్ బెల్టు అనే అంటారు. పళ్లు పుల్లీ పళ్లలో కూర్చుంటాయి కాబట్టి జారే ప్రశ్నే లేదు, అందువల్ల నిష్పత్తి కచ్చితంగా ఉంటుంది. పైన ఉన్న పుల్లీ, కింద ఉన్న పుల్లీ మార్చుకుంటే చాలు. బ్లోయర్ క్రాంక్ కంటే నెమ్మదిగా తిరిగితే అండర్‌డ్రైవ్, జోరుగా తిరిగితే ఓవర్‌డ్రైవ్. వాతావరణం, పెట్రోలు రకం, ట్రాక్ చూసుకుని రెండు మూడు పళ్లు అటూ ఇటూ మార్చేవాళ్లు. రేసు మేస్త్రీ చేతిలో ఇంజన్ బలం పెంచే తగ్గించే మీట అంటే ఆ పుల్లీయే. అత్యాశకు పోయి ఓవర్‌డ్రైవ్ పెంచితే గాలి వేడెక్కిపోతుంది, ఇంజన్ నాక్ కొడుతుంది (పెట్రోలు అదుపు తప్పి పేలుతుంది), పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

ఇలా ఇంజన్ బలంతో తిరిగి గాలి తోసే యంత్రాలన్నిటినీ కలిపి సూపర్‌చార్జర్ అంటారు. సూపర్‌చార్జర్ అంటే బెల్టు ఉండాల్సిందేనని మాత్రం అనుకోకండి. 1929 నుంచి వచ్చిన బ్లోయర్ బెంట్లీ నాలుగున్నర లీటర్ల కారులో అది రేడియేటర్ ముందర, నేరుగా క్రాంక్ షాఫ్ట్ కొసకు తగిలించి ఉంటుంది, బెల్టే లేదు. 1957లో ఫోర్డ్ థండర్‌బర్డ్‌కు, స్టూడ్‌బేకర్ గోల్డెన్ హాక్‌కు వచ్చిన మెక్‌కలక్ సూపర్‌చార్జర్ మళ్లీ బెల్టుదే. దాని పుల్లీ రెండు చెక్కలు దగ్గరకీ దూరానికీ జరిగి, బెల్టు కూర్చునే వ్యాసం మారి, అవసరమైనప్పుడే జోరందుకునేది. ఈ రోజు గేర్లు లేని స్కూటర్లలో ఉండే వేరియేటర్ పనితీరు కూడా ఇదే.

ప్రశ్న (కడప నుంచి): అన్నా, మా నాయన వాడిన అంబాసిడర్ ఇంకా నా దగ్గరుంది. పెట్రోల్ ఇంజన్. మా వీధి మెకానిక్ ఒకాయన, లేత్‌లో చిన్న క్రాంక్ పుల్లీ తీయించి వేస్తే రేసు బండి మాదిరి పికప్ వస్తుందంటున్నాడు. అల్యూమినియంతో చేస్తే బరువు కూడా తగ్గుతుందంట. చేయించమంటావా?

జవాబు: వద్దు తమ్ముడూ. పై రెండు జవాబులూ చదివి ఉంటే సగం అర్థమై ఉంటుంది, మిగతా సగం కడప ఎండ చెప్తుంది.

మీ మెకానిక్ చెప్పే చిన్న క్రాంక్ పుల్లీనీ అండర్‌డ్రైవ్ పుల్లీ అనే అంటారు, మామూలుకంటే నెమ్మదిగా తిప్పుతుంది కాబట్టి. అది పుట్టింది 6,000, 7,000 తిరిగే ఇంజన్ కోసం. మీ 1489 సీసీ ఇంజన్‌కు బలమంతా నాలుగు వేల చిల్లరలోనే ఉంటుంది. అక్కడ ఫ్యాన్ గానీ డైనమో గానీ దాని హద్దు దాటి తిరగడం లేదు, బెల్టు ఎగిరి పడటం లేదు. లేని జబ్బుకు మందన్నమాట. పోనీ పవర్ మిగులుతుంది కదా అంటారా, మిగిలేది మీ కాలికి తెలియదు. పోయేది మాత్రం కచ్చితంగా తెలుస్తుంది. క్రాంక్ పుల్లీ ఐదో వంతు చిన్నది చేశారనుకుందాం. ఫ్యాన్, పంపు, డైనమో మూడూ ఒకే బెల్టు మీద ఉన్నాయి కాబట్టి మూడింటి వేగమూ ఐదో వంతు పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం ఏడు రోడ్ల దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, బయట 43 డిగ్రీలు ఉన్నప్పుడు, ఐడిల్‌లో ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంటే టెంపరేచర్ ముల్లు ఎటు పోతుందో ఊహించుకోండి. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంకా ఘోరం. బండి నెమ్మదిగా పోతుంది కాబట్టి ఎదురు గాలి ఉండదు, ఇంజన్ మాత్రం ఒళ్లు విరుచుకుని పనిచేస్తుంటుంది. ఫ్యాన్ గాలి కావాల్సింది సరిగ్గా అప్పుడే. రాత్రి పూట హెడ్‌లైట్లు, వైపర్ వేసుకుని ఊళ్లో తిరిగితే డైనమో చార్జింగ్ చాలక బ్యాటరీ కూడా దిగిపోతుంది.

ఇంకో సంగతి. పాత ఇంజన్లలో టైమింగ్ గుర్తు (స్పార్క్ ఎప్పుడు పడాలో సరిచూసుకునే గీత) సాధారణంగా క్రాంక్ పుల్లీ మీదే ఉంటుంది. లేత్‌లో చేయించిన దాని మీద ఆ గుర్తు ఎక్కడ వేస్తారో, కరెక్టుగా వేస్తారో లేదో. చాలా ఇంజన్లలో క్రాంక్ కొసన ఉన్నది ఉత్త పుల్లీ కాదు, దాని వెనకో లోపలో రబ్బరు పట్టీ ఉన్న డ్యాంపర్ ఉంటుంది. ప్రతి సిలిండర్ పేలినప్పుడూ క్రాంక్ షాఫ్ట్ సన్నగా మెలి తిరిగి విడిచిపెడుతుంది, ఆ వణుకును మింగేది ఆ డ్యాంపరే. అమెరికన్ వీ8ల్లో డ్యాంపర్ వేరు, పుల్లీ వేరు, పుల్లీని దాని మీద బోల్టులతో బిగిస్తారు, కాబట్టి పుల్లీ మార్చినా డ్యాంపర్ అక్కడే ఉంటుంది. రెండూ ఒకటే అయిన ఇంజన్‌కు గట్టి అల్యూమినియం ముక్క పెడితే క్రాంక్ విరిగే దాకా తెలియదు. బరువు తగ్గుతుందని సంబరపడి పారేసేది బరువు కాదు, కాపలా.

పికప్ కావాలంటే చవకైన దారులున్నాయి. ఇగ్నిషన్ టైమింగ్, పాయింట్ల గ్యాపు, కార్బురేటర్ శుభ్రం, వాల్వ్ క్లియరెన్స్ చూపించుకోండి. రేడియేటర్ విప్పించి మన బోరు నీళ్ల సున్నం కడిగించండి, ఆ సున్నం పట్టిన రేడియేటర్‌కు ఏ పుల్లీ వేసినా ఒకటే. ఇవన్నీ అయ్యాక కూడా ఆ మెకానిక్ పుల్లీ అంటే, టీ తాగి వచ్చేయండి.

ప్రశ్న (ఆదోని నుంచి): మా తాత జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. పైకప్పు కింద పొడవాటి షాఫ్ట్, దాని నుంచి ఒక్కో మిషన్‌కు వెడల్పాటి పట్టీ లాంటి తోలు బెల్టులు దిగేవంట, కొన్నిటిని ఎనిమిది అంకె మాదిరి మెలి తిప్పి వేసేవాళ్లంట. కార్లకు అలాంటివి ఎందుకు వాడరు?

జవాబు: మెలి తిప్పేది మిషన్ ఎదురు దిక్కులో తిరగడానికి. ఒక ఇంజన్ నుంచి అన్ని మిషన్లకూ పంచే ఆ పద్ధతిలో అది మామూలే. ఆ పుల్లీల ముఖం మధ్యలో కాస్త ఉబ్బుగా ఉంటుంది, గమనించారో లేదో మీ తాతను అడగండి. తిరిగే బెల్టు ఎప్పుడూ ఎత్తు వైపు ఎక్కుతుంది కాబట్టి ఆ ఉబ్బు దాన్ని నడిమధ్యలో ఉంచుతుంది.

కార్లలోనూ మొదట పట్టీ బెల్టులే ఉండేవి, ఫోర్డ్ మోడల్ టీ ఫ్యాన్ అలాంటి దానితోనే తిరిగేది. పట్టీ బెల్టు గట్టిగా పట్టుకోవాలంటే వెడల్పు కావాలి, షాఫ్టుల మధ్య దూరం కావాలి. బానెట్ కింద రెండూ ఉండవు. వీ బెల్టు పక్క గోడల మధ్య చీలలా దిగి బిగుసుకుంటుంది. 36 డిగ్రీల గాడిలో అదే బిగువుకు పట్టు మూడు రెట్ల పైచిలుకు వస్తుంది. రబ్బరు, గుడ్డ కలిపిన వీ బెల్టును 1917లో జాన్ గేట్స్ అనే అమెరికన్ తెచ్చాడు, ఆ తర్వాత కార్లలో పట్టీ బెల్టుకు చోటు లేకుండా పోయింది.

ప్రశ్న (హిందూపురం నుంచి): పొద్దున స్టార్ట్ చేయగానే ఫ్యాన్ బెల్టు కీచుమని అరుస్తుంది. సబ్బు రాస్తే ఆగుతుంది, రెండు రోజులకు మళ్లీ మొదలు. కొత్త బెల్టు వేసినా అంతే.

జవాబు: సబ్బు రాస్తే అరుపు ఆగుతుంది, జారడం ఆగదు. నోరు మూయించారు, అంతే. రజనం రాయమని కూడా చెప్పేవాళ్లున్నారు, అదీ వద్దు, జిగురు పట్టి బెల్టు పాడైపోతుంది.

కొత్త బెల్టు కూడా అరుస్తుందంటే తప్పు పుల్లీలో ఉంది. గాడి అడుగు చూడండి. వీ బెల్టు పక్క గోడల మీద నిలబడాలి, అడుగును తాకకూడదు. అడుగు అద్దంలా మెరుస్తుంటే గోడలు అరిగిపోయి బెల్టు కిందికి దిగి కూర్చుందని అర్థం, ఇక ఎంత బిగించినా లాభం లేదు, పుల్లీ మార్చాల్సిందే. తర్వాత క్రాంక్ పుల్లీ నుంచి డైనమో పుల్లీ దాకా ఒక దారం బిగువుగా లాగి పట్టండి. రెండు పుల్లీల అంచులకూ దారం సమంగా ఆనాలి. ఒక పక్క సందు కనిపిస్తే బ్రాకెట్ దగ్గర వాషర్లు వేసి సరిచేయాలి. బెల్టు సైజు కూడా చూసుకోండి, పంపుసెట్ల షాపులో దొరికే వెడల్పాటి బీ సెక్షన్ బెల్టును కారు గాడిలోకి బలవంతంగా ఎక్కించినవాళ్లను చూశాను.

బిగువు సంగతి: పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. మరీ బిగిస్తే వాటర్ పంపు బేరింగ్ పోతుంది. కొత్త బెల్టు కొన్ని రోజులకు కాస్త సాగుతుంది, మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఒకే పుల్లీ మీద జంట బెల్టులుంటే రెండూ కలిపి మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే కొత్తదే మొత్తం బరువు మోసి ముందు తెగుతుంది.

ప్రశ్న (నంద్యాల నుంచి): డైనమో తీసేసి ఆల్టర్నేటర్ వేయించాలనుకుంటున్నా. డైనమో పుల్లీ బాగానే ఉంది, దాన్నే ఆల్టర్నేటర్‌కు తగిలించుకోవచ్చా?

జవాబు: తగిలించుకుంటే మీరు డబ్బు పెట్టింది దండగ. డైనమోలో కరెంటు పుట్టే చుట్టలే తిరుగుతాయి, కమ్యుటేటర్ మీంచి మొత్తం కరెంటు బ్రష్షుల ద్వారా బయటికి రావాలి. మరీ జోరుగా తిప్పితే ఆ చుట్టలు విచ్చుకుంటాయి, అందుకే పుల్లీ పెద్దది పెట్టి నెమ్మదిగా తిప్పుతారు. ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టే చుట్టలు కదలకుండా కూర్చుంటాయి, లోపల తిరిగేది చిన్న ఫీల్డ్ కరెంటు మోసే భాగం మాత్రమే. అది ఎక్కువ వేగం తట్టుకుంటుంది, చిన్న పుల్లీతో జోరుగా తిప్పితే ఐడిల్‌లోనే చార్జింగ్ ఇస్తుంది. అమెరికాలో క్రైస్లర్ వాళ్లు 1960 వేలియంట్‌లో ఆల్టర్నేటర్ పెట్టడానికి కారణం కూడా ఇలాంటిదే. దాని సొంత పుల్లీయే వాడండి, గాడి వెడల్పు మాత్రం మీ బెల్టుకు సరిపోవాలి.

వేయించే ముందు బండి పాజిటివ్ ఎర్తా నెగటివ్ ఎర్తా, అంటే బ్యాటరీ ఏ కొస బాడీకి తగిలించి ఉందో చూసుకోండి. పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉన్నవి ఉన్నాయి, అలాగే ఆల్టర్నేటర్ తగిలిస్తే లోపల డయోడ్లు క్షణంలో పోతాయి. డైనమో ఇచ్చేది 22 ఆంపియర్ల లెక్కన, ఆల్టర్నేటర్ దానికి రెండింతలు ఇవ్వగలదు. పాత వైరు, పాత అమ్మీటర్ అంత మోయలేవు, చార్జింగ్ వైరు లావుది వేయించండి.

ప్రశ్న (తాడిపత్రి నుంచి): ప్రీమియర్ పద్మినికి ఏసీ పెట్టించవచ్చా? క్రాంక్ పుల్లీకి ఇంకో గాడి తీయించి బెల్టు వేస్తే సరిపోతుంది కదా?

జవాబు: బెల్టు వేయడం వరకైతే సరిపోతుంది. మీ 1089 సీసీ ఇంజన్ మొత్తం ఇచ్చేది నలభై చిల్లర హార్స్‌పవర్, ఏసీ కంప్రెసర్ అందులోంచి చాలానే లాక్కుంటుంది, పైగా దాని కండెన్సర్ వేడి గాలిని నేరుగా రేడియేటర్ మీదికి వదులుతుంది. 1966లో వచ్చిన క్రైస్లర్ వాళ్ల స్ట్రీట్ హెమీ ఇంజన్ 426 క్యూబిక్ ఇంచుల రాక్షసి, దానికే ఏసీ ఇవ్వలేదు కంపెనీ. అక్కడ కారణం బలం లేక కాదు, ఆ ఆర్‌పీఎంలో కంప్రెసర్‌కూ బెల్టుకూ గ్యారంటీ ఉండదు, బానెట్ కింద చోటూ లేదు. మీకు మాత్రం బలమే సమస్య. పెట్టించి తీరాలంటే పెద్ద రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్, ఐడిల్ పెంచే ఏర్పాటు, బెల్టు బిగించడానికి విడిగా ఐడ్లర్ పుల్లీ, ఇవన్నీ కలిపి లెక్కేసుకోండి. నన్నడిగితే కిటికీ అద్దాలు దించి, తెల్లవారుజామున బయల్దేరడం మేలు.

ప్రశ్న (గుంతకల్లు నుంచి): ఇన్ని బెల్టుల గొడవ లేకుండా పాత వీ8లకు ఇప్పటి కార్ల మాదిరి ఒకే పొడవాటి బెల్టు వేయకూడదా?

జవాబు: వేస్తున్నారు, కిట్లు అమ్ముతున్నారు కూడా. ఆ ఒక్క బెల్టు పద్ధతి 1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో మామూలు కార్లలోకి వచ్చింది. బెల్టు పలచన, వెడల్పు, లోపలి వైపు సన్నటి గాళ్లు, స్ప్రింగు టెన్షనర్ దానంతటదే బిగువు చూసుకుంటుంది కాబట్టి ఎక్కువ ఆర్‌పీఎంలో వీ బెల్టు కంటే నమ్మకంగా నిలబడుతుంది. రోజూ నడిపే బండికైతే వేసుకోండి. ప్రదర్శనలో నిలబెట్టే బండికైతే మాత్రం ఆ పాత డీప్ గ్రూవ్ పుల్లీలను తీయకండి. తీయక తప్పకపోతే నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచిపెట్టండి. తర్వాత కొనేవాడు ముందు అడిగేది వాటి గురించే.